గదిలో టీవీ లేదు, అయినా టీవీ లైసెన్స్ కట్టాలా?

బ్రిటన్‌కి చదువుకోవడానికి వచ్చిన మన పిల్లలు ఏటా సెప్టెంబరు దాటగానే అడిగే సందేహం ఇది. టీవీ లైసెన్స్ అంటే ఇక్కడ టీవీ ప్రసారాలు చూడటానికి ఏటా ఫీజు కట్టి తీసుకునే అనుమతి. అద్దె ఇంట్లో దిగిన కొన్నాళ్లకే ‘లీగల్ ఆక్యుపయర్’ (ఆ ఇంట్లో ఉంటున్నవారు) పేరుతో ఒక కవరు వస్తుంది. లోపలి హెచ్చరిక చదివి హడలిపోకండి. లైసెన్స్ లేని అడ్రసులకు, ఈ ఫీజు వసూలు చేసే టీవీ లైసెన్సింగ్ వాళ్లు పంపే ఉత్తరం అది, మీ మీద కేసు కాదు. అలాగని చించి పారేయకండి కూడా.

ఇంట్లో టీవీ ఉందా లేదా అన్నది కాదు, ఏం చూస్తున్నారన్నదే లెక్క. ఏ ఛానలైనా ప్రసారమవుతుండగా చూస్తే లైసెన్స్ ఉండాల్సిందే, ఫోనైనా లాప్‌టాపైనా. మనవాళ్లు పొరపడేది ఇక్కడే. యూట్యూబ్‌లో తెలుగు న్యూస్ ఛానల్ లైవ్ పెట్టుకున్నా, ఐపీఎల్ మ్యాచ్ లైవ్ చూసినా లైసెన్స్ కావాలి. ఛానల్ హైదరాబాద్‌ది కదా అంటే కుదరదు. బీబీసీ వాళ్ల ఆన్‌లైన్ వీడియో సర్వీసు ఐప్లేయర్‌లో అయితే 2016 సెప్టెంబరు నుంచి పాత ఎపిసోడ్లకూ తప్పనిసరి. నెట్‌ఫ్లిక్స్‌లో సినిమాలు, యూట్యూబ్‌లో మామూలు వీడియోలతో సరిపెట్టుకునేవాళ్లకి అక్కర్లేదు.

ఇక అద్దె అగ్రిమెంటు తీసి చూడండి. అందరి పేర్లూ ఒకే కాగితం మీద ఉంటే మామూలుగా ఇల్లంతటికీ ఒక్క లైసెన్స్ చాలు, తలా కొంత వేసుకోండి. ఎవరి గదికి వాళ్లు విడిగా సంతకం పెట్టి ఉంటే, లైవ్ చూసేవాళ్లు ఎవరిది వాళ్లు తీసుకోవాలి. యూనివర్సిటీ హాస్టల్లోనూ అంతే. కామన్ రూం టీవీకి ఉన్న లైసెన్స్ మీ గదికి వర్తించదు. అమ్మానాన్నల లైసెన్స్ సరిపోతుందని ఇక్కడ పుట్టిన స్నేహితులు చెప్తారు. అది వాళ్ల విషయంలో నిజమే, అదీ ఛార్జర్ పెట్టకుండా బ్యాటరీ మీద చూస్తేనే. మన అమ్మానాన్నలు గుంటూరులోనో కరీంనగర్‌లోనో ఉంటారు కాబట్టి మనకు పనికిరాదు.

2025 ఏప్రిల్‌లో ఏడాది ఫీజు 174.50 పౌండ్లు అయింది. తీసుకునేముందు అప్పటి రేటు చూసుకోండి. పార్ట్‌టైం జీతానికి అది బరువే, నెలనెలా కట్టే వీలుంది. లేకుండా చూసి దొరికితే కోర్టు వెయ్యి పౌండ్ల దాకా జరిమానా వేయొచ్చు. లైవ్ చూసే అలవాటు లేకపోతే మాత్రం భయపడి కట్టకండి. అవసరం లేదని టీవీ లైసెన్సింగ్ వెబ్‌సైట్లో డిక్లరేషన్ ఇవ్వండి. తనిఖీకి వచ్చినవాళ్లు వారంటు లేకుండా, మీరు ఒప్పుకోకుండా లోపలికి రాకూడదు. టీవీ లైసెన్సింగ్ పేరుతో దొంగ మెయిళ్లూ వస్తుంటాయి, లింకు నొక్కి కార్డు నంబరు ఇవ్వకండి.

కోర్సు అయి ఇల్లు ఖాళీ చేసేటప్పుడు గడువు ఇంకా నెలకు పైగా ఉంటే, మిగిలిన పూర్తి నెలలకు రీఫండ్ అడగండి. ఆ హడావుడిలో చాలామంది దీన్ని మర్చిపోతారు. వేరే ఇంటికి మారుతుంటే లైసెన్స్ మీద అడ్రసు మార్పించుకోండి.