క్లిక్కులు వస్తున్నాయి, ఆర్డర్లు రావట్లేదు

ప్రశ్న: మాది తెనాలి. ఇంట్లో పెట్టిన పచ్చళ్లు సొంత వెబ్‌సైట్‌లో అమ్ముతున్నాం. కొరియర్ మన దేశంలోకే. గూగుల్ యాడ్స్‌కి రోజుకి 500 రూపాయలు పెడితే నెలలో 1,800 క్లిక్కులు వచ్చాయి, ఆర్డర్లు మాత్రం 11. బడ్జెట్ పెంచమంటారా?

జవాబు: పెంచకండి. యాడ్‌ని కూడా ఇప్పుడే ముట్టుకోకండి. ముందు ఏ మాటలకి డబ్బు పోతోందో చూడండి. యాడ్స్ ఖాతాలో ‘ఇన్‌సైట్స్ అండ్ రిపోర్ట్స్’ కింద ‘సెర్చ్ టర్మ్స్’ తెరిచి, గత 30 రోజులు పెట్టి, ఖర్చు ఎక్కువైనవి పైకి వచ్చేలా సర్దండి. మీరిచ్చిన కీవర్డ్ వేరు, జనం టైప్ చేసింది వేరు. ‘మ్యాంగో పికిల్’ అని బ్రాడ్ మ్యాచ్‌లో (దగ్గరి విషయాలు వెతికినా యాడ్ చూపించే పద్ధతి) వదిలేస్తే ‘ఆవకాయ కొలతలు’, ‘పచ్చడికి ఉప్పు ఎంత’, ‘పచ్చళ్ల వ్యాపారం ఎలా’ అని వెతికేవాళ్లకీ మీ యాడ్ పోతుంది. వాళ్లు పచ్చడి పెట్టుకునేవాళ్లు, కొనేవాళ్లు కారు. మామిడికాయల రోజుల్లో ఈ నష్టం మరీ ఎక్కువ.

అలాంటి మాటల్ని నెగటివ్ కీవర్డ్‌లుగా (ఇవి వెతికితే యాడ్ చూపించొద్దని చెప్పే మాటలు) వేయండి. ఏకవచనం ఇస్తే బహువచనం ఆగదు కాబట్టి రెసిపీ, రెసిపీస్ రెండూ ఇవ్వాలి. తెలుగు లిపిలో ఒకసారి, ఇంగ్లిష్ అక్షరాల్లో ఒకసారి. ‘ధర’, ‘కేజీ’ అన్నవి మాత్రం తీసేయకండి, అవి కొనేవాళ్ల మాటలు. మీ కీవర్డ్‌లని ఫ్రేజ్ (వెతికినదాంట్లో ఆ మాట అర్థం ఉంటేనే), ఎగ్జాక్ట్ (అదే అర్థంతో వెతికితేనే) మ్యాచ్‌లోకి మార్చండి. ఆవకాయని ఇంగ్లిష్‌లో చివర ‘వై, ఏ’ పెట్టి ఒకరు, ‘ఐ’ పెట్టి ఇంకొకరు రాస్తారు. రెండూ చేర్చండి.

తర్వాత సెట్టింగ్స్. ఇండియా అని ఎంచుకున్నా, లొకేషన్ ఆప్షన్ మొదట్లో ‘ప్రెజెన్స్ ఆర్ ఇంటరెస్ట్’ (అక్కడ ఉన్నవాళ్లు, లేదా ఆ చోటు మీద ఆసక్తి చూపినవాళ్లు) మీదే ఉంటుంది. అమెరికాలో కూర్చుని గుంటూరు గోంగూర పచ్చడి వెతికే మనవాళ్ల క్లిక్కులకీ మీరే కడతారు, ఆర్డర్ మాత్రం రాదు. దాన్ని ‘ప్రెజెన్స్’కి మార్చండి. రేపు విదేశాలకి పంపడం మొదలుపెడితే వేరే క్యాంపెయిన్ పెట్టుకోండి. డిస్‌ప్లే నెట్‌వర్క్ (ఇతర సైట్లు, యాప్‌లలో యాడ్లు), సెర్చ్ పార్ట్‌నర్స్ (గూగుల్‌తో కలిసిన ఇతర సెర్చ్ సైట్లు) టిక్కులు రెండూ తీసేయండి.

ఇక లెక్క. సగటు ఆర్డర్ 900 రూపాయలనుకుందాం. సరుకు, ప్యాకింగ్, కొరియర్ పోను 300 మిగులుతుందనుకోండి. 100 క్లిక్కులకి 2 ఆర్డర్లు పడితే మిగులు 600, అంటే క్లిక్‌కి 6 రూపాయలు దాటితే నష్టమే. ఇప్పుడు మీకు 100 క్లిక్కులకి ఒక్క ఆర్డర్ కూడా పూర్తిగా పడట్లేదు. ఈ లెక్కన క్లిక్‌కి 2 రూపాయలు కూడా గిట్టదు, మీరు పెడుతున్నదేమో 8 పైనే. వృథా మాటలు పోయాక ఈ లెక్క మళ్లీ వేసి, ‘మ్యాగ్జిమైజ్ క్లిక్స్’ (బడ్జెట్‌లో వీలైనన్ని క్లిక్కులు తెచ్చే బిడ్డింగ్ పద్ధతి)లో గరిష్ఠ క్లిక్ ధర ఆ అంకె దగ్గర కట్టేయండి.

ఆవకాయ వెతికినవాళ్లని హోం పేజీకి కాదు, ఆవకాయ పేజీకే దింపండి. కొరియర్ చార్జీ అక్కడే కనపడాలి. డబ్బు కట్టే దగ్గర 120 రూపాయలు కొత్తగా కనిపిస్తే చాలామంది అక్కడే వెనక్కి తిరుగుతారు.

ప్రశ్న: మా చీరల సైట్‌కి గూగుల్ యాడ్స్ ఖాతా 40 కన్వర్షన్లు (యాడ్ నొక్కాక జరిగిన, మనం లెక్కపెట్టమన్న పనులు) చూపిస్తోంది. నిజంగా వచ్చిన ఆర్డర్లు 22. ఏది నమ్మాలి?

జవాబు: ఆర్డర్ల పుస్తకాన్నే. ఈ తేడాకి ఎక్కువగా కారణమయ్యేవి మూడు. ‘యాడ్ టు కార్ట్’ కూడా ప్రైమరీ కన్వర్షన్‌గా (ప్రధాన లెక్కలోకి వచ్చేదిగా) ఉండటం ఒకటి, దాన్ని సెకండరీ (చూసుకోవడానికి మాత్రమే) చేయండి. యాడ్స్ ట్యాగ్‌తో (సైట్‌లో పెట్టే లెక్క కోడ్) పాటు గూగుల్ అనలిటిక్స్ నుంచి తెచ్చుకున్న కొనుగోలు కూడా లెక్కలో ఉండటం రెండోది, ఒకటే ఉంచండి. థాంక్యూ పేజీని కస్టమర్ మళ్లీ తెరిస్తే ఇంకోసారి లెక్కపడటం మూడోది. ట్యాగ్‌లో ఆర్డర్ నంబర్‌ని ట్రాన్సాక్షన్ ఐడీగా పంపితే ఆ ఆర్డర్ రెండోసారి లెక్కపడదు. అన్నీ సరిచేశాక మీరే ఒక యాడ్ నొక్కి, ఒక ఆర్డర్ పెట్టి చూడండి.

దీన్ని చిన్నవిషయం అనుకోవద్దు. ఆటోమేటిక్ బిడ్డింగ్ (క్లిక్‌కి ఎంత పెట్టాలో గూగులే నిర్ణయించే పద్ధతి) ఈ అంకెలు చూసే నేర్చుకుంటుంది. కార్ట్‌లో వేసి వెళ్లిపోయేవాళ్లని కొన్నట్టు చూపిస్తే, అలాంటివాళ్లనే ఇంకా వెతికి తెస్తుంది. క్యాష్ ఆన్ డెలివరీలో తిరిగొచ్చిన పార్సిళ్లనీ 55 రోజుల్లోపు ఆర్డర్ నంబర్‌తో అప్‌లోడ్ చేసి తీసేయండి.

ప్రశ్న: గూగుల్ యాడ్స్‌కి ముందుగా 10,000 కడితే ఖాతాలో తక్కువ పడింది, ఎందుకు?

జవాబు: 18 శాతం జీఎస్టీ అందులోంచే పోతుంది. యాడ్స్‌కి మిగిలేది 8,474 రూపాయల చిల్లర. మీ జీఎస్టీ నంబర్ బిల్లింగ్ ప్రొఫైల్‌లో ఎక్కిస్తే ఆ పన్ను ఇన్‌పుట్ క్రెడిట్‌గా (మీరు కట్టాల్సిన జీఎస్టీలో తగ్గించుకునేలా) తీసుకోవచ్చు. కాంపొజిషన్ పథకంలో (చిన్న వ్యాపారులు అమ్మకాల మీద తక్కువ శాతం పన్ను కట్టే పద్ధతి) ఉన్నవారికి ఆ వీలు లేదు.