సూపర్విజన్ అంటే తనిఖీ అనుకుని నర్సులు రావడం లేదు, ఏం చేయాలి?

వార్డులో క్లినికల్ సూపర్విజన్, అంటే నర్సులు తమ పని గురించీ, దాని వల్ల పడే బరువు గురించీ ఒక సూపర్వైజర్‌తో కూర్చుని మాట్లాడుకునే సెషన్లు, మొదలుపెట్టే పని మీకు అప్పగించారు, పిలిస్తే ఇద్దరు ముగ్గురే వస్తున్నారు, వచ్చినవాళ్లూ నోరు విప్పడం లేదు అని రాశారు. నేను పనిచేసిన ఒక వార్డులో మొదటి మూడు నెలలూ అచ్చం ఇలాగే గడిచాయి.

మేం చేసిన పెద్ద తప్పు, ఇన్‌ఛార్జ్ సిస్టర్‌నే సూపర్వైజర్‌గా కూర్చోబెట్టడం. ఆవిడ చాలా మంచి మనిషి. కానీ సెలవు ఇచ్చేదీ, డ్యూటీలు వేసేదీ, ఏడాది చివర పనితీరు మీద రిపోర్టు రాసేదీ ఆవిడే అయినప్పుడు, "నిన్న రాత్రి ఒక పేషెంట్ మందు ఇంకో పేషెంట్‌కి ఇచ్చేయబోయాను, ఆఖరి నిమిషంలో చూసుకున్నాను" అని ఆవిడ ముందు ఎవరు చెప్పుకుంటారు? పైగా చెప్పిందల్లా పుస్తకంలో రాసుకునేవారు. నాలుగోసారికి సగం మంది మానేశారు.

తర్వాత వేరే వార్డు నుంచి, మా మీద ఏ అధికారమూ లేని ఒక సీనియర్ నర్సును అడిగాం. ఆవిడ ఇందులో శిక్షణ తీసుకున్నారు. అప్పటి నుంచే మార్పు కనిపించింది.

బ్రిజిడ్ ప్రాక్టర్ అనే బ్రిటిష్ కౌన్సెలింగ్ శిక్షకురాలు 1980లలో సూపర్విజన్‌కి మూడు పనులు ఉన్నాయని చెప్పారు: పని ప్రమాణాలు నిలబెట్టడం, నేర్చుకోవడానికి తోడ్పడటం, మనసుకు పడిన బరువు దించడం. మేనేజ్‌మెంట్ మొదటిదే పట్టుకుంటుంది, అందుకే స్టాఫ్‌కి తనిఖీలా అనిపిస్తుంది. నా అనుభవంలో మూడోదానితో మొదలుపెడితే మిగతా రెండూ వాటంతటవే వస్తాయి. ఒక సంగతి చెబుతాను. మాలో ఒక జూనియర్ అమ్మాయి, తన పేషెంట్‌కి సీపీఆర్ చేసి, ఆయన బతకకపోతే బాడీ శుభ్రం చేసి, బంధువులతో మాట్లాడి, చేతులు కడుక్కుని నేరుగా పక్క బెడ్‌కి మందులు ఇవ్వడానికి వెళ్లింది. మూడు వారాల తర్వాత సెషన్‌లో ఆ మాట బయటపెట్టి ఏడ్చింది. మేమంతా సలహాలు ఇవ్వబోతుంటే సూపర్వైజర్ ఆపి, "ఆ టైంలో నీకు ఏం దొరికితే బాగుండేది?" అని అడిగారు. "పది నిమిషాలు" అంది. అంతే, ఆ నెల నుంచి వార్డులో ఎవరి పేషెంట్ చనిపోయినా, వాళ్ల బెడ్లను కాసేపు ఇంకొకరు చూసుకోవాలని మేమే మాట అనుకున్నాం. పై నుంచి ఆర్డర్ వచ్చి ఉంటే ఇది ఇంత గట్టిగా నిలబడేది కాదు.

ఇక టైం. డ్యూటీ చార్ట్‌లో రాయని సెషన్ జరగదు, ఇది మాత్రం గట్టిగా చెప్పగలను. నాలుగు నుంచి ఆరు వారాలకు ఒకసారి, ఒక గంట, ఐదారుగురు, ఆ గంట వాళ్ల పేషెంట్లను ఎవరు చూస్తారో ముందే పేరుతో సహా రాసి ఉండాలి. నైట్ డ్యూటీ చేసినవాళ్లను పొద్దున్నే ఆగమని అడగకండి, నిద్ర కళ్లతో కూర్చుని వాళ్లు ఏం మాట్లాడగలరు?

గోప్యత గురించి మొదటి రోజే, వాళ్ల మాటల్లోనే ఒప్పందం రాయించండి. చెప్పింది ఆ గది దాటదు, కానీ పేషెంట్‌కి ప్రమాదం ఉందని తెలిస్తే మాత్రం దాచడం కుదరదు, ఎవరికి చెప్పాల్సి వస్తుందో ఆ నర్సుకే ముందు చెబుతాం అన్నది స్పష్టంగా ఉండాలి. రికార్డులో తేదీ, వచ్చినవాళ్ల పేర్లు చాలు.

ఒకటి మీ పైవాళ్లకు కూడా చెప్పండి. ముగ్గురు చేయాల్సిన పని ఒకరి మీద వేసి, నెలకో గంట మాట్లాడుకోమంటే స్టాఫ్‌కి అది అవమానంలాగే అనిపిస్తుంది. మనుషులు తక్కువున్నారన్న మాట ప్రతి సెషన్‌లోనూ వస్తుంది. పేర్లు లేకుండా, అందరి అనుమతితో ఆ మాట పైకి వెళ్లే దారి ఒకటి ఉంచండి.

అందరినీ పిలిచే ముందు, మీరే మీ వార్డుతో సంబంధం లేని ఒక సీనియర్ దగ్గర రెండు మూడు సెషన్లు కూర్చుని మీ టెన్షన్లు చెప్పుకోండి. అవతలి కుర్చీలో కూర్చున్నవాళ్లకు ఏ ప్రశ్నకు నోరు పెగలదో అక్కడే తెలుస్తుంది. ఆ తర్వాత స్టాఫ్‌నే అడగండి, ఎవరి ముందైతే మాట్లాడగలరో.