మ్యూనిక్ నుంచి వెనిస్ దాకా కారులో: టోల్ సంగతి

మ్యూనిక్‌లో కారు అద్దెకు తీసుకుని ఆస్ట్రియాలోని సాల్జ్‌బర్గ్, స్లోవేనియాలోని బ్లెడ్, ఇటలీలోని వెనిస్ చూసి రావాలి, టోల్ ఎక్కడెలా కట్టాలి అన్నదే కదా మీ టెన్షన్. జర్మనీలో కార్లకు టోల్ లేదు. ఆస్ట్రియా, స్లోవేనియా హైవేలకు విన్యెట్, అంటే కొన్ని రోజులకు ముందే కొనుక్కునే రోడ్డు పాసు, కావాలి. అది కారు నంబరు మీద ఆన్‌లైన్‌లో దొరుకుతుంది, కాబట్టి కారు చేతికొచ్చాకే కొనండి. అదున్నా దారిలో వచ్చే టవర్న్, కారవాంకెన్ సొరంగాలకు విడిగా కట్టాల్సిందే.

ఇటలీలో హైవే ఎక్కేచోట టికెట్ తీసుకుని దిగేచోట డబ్బు కట్టడమే. పసుపు రంగు టెలిపాస్ లేన్‌లోకి మాత్రం పోకండి, అది మన ఫాస్టాగ్ లాంటి పరికరం ఉన్న కార్లకే. ఊళ్లో జెడ్‌టీఎల్ (అనుమతి ఉన్న వాహనాలకే ప్రవేశం) బోర్డు కనిపిస్తే వెనక్కి తిరగండి, కెమెరా ఊరుకోదు, జరిమానా ఇంటిదాకా వస్తుంది. వెనిస్‌లో ఎలాగూ కార్లు తిరగవు, పక్కనే ఉన్న మెస్త్రేలో పార్క్ చేసి రైలెక్కండి. మీది ఇండియా లైసెన్సైతే ఇంటర్నేషనల్ పర్మిట్ ఇక్కడే ఆర్టీఓలో తీసుకోండి. ఏయే దేశాలకు వెళ్తున్నారో అద్దె కంపెనీకి ముందే చెప్పండి, లేదంటే ఇన్సూరెన్స్ దగ్గర పేచీ.