ఉద్యోగం చేస్తూ ట్రోలోప్ అన్ని నవలలు ఎలా రాశాడు? ఆ పద్ధతి మనకు పనికొస్తుందా?

పోస్టాఫీసు ఉద్యోగం చేస్తూ పందొమ్మిదో శతాబ్దపు ఇంగ్లీషు నవలాకారుడు ఆంథొనీ ట్రోలోప్ అన్ని నవలలు ఎలా రాశాడు, పావుగంటకు 250 మాటలు రాసేవాడనే లెక్క నిజమేనా, ఆయన ఉద్యోగం ఎప్పుడు మానేశాడు అని అడిగారు. లెక్క నిజమే. ఆయన పోయాక 1883లో అచ్చయిన ఆత్మకథలో స్వయంగా రాసుకున్నాడు. మొత్తం 47 నవలలు. అయితే ఆ పద్ధతిని పట్టుకోబోయేవాళ్లు ఎక్కువగా గడియారం ఒక్కటే తెచ్చుకుంటారు, అందుకే నాలుగు రోజుల్లో చేతులెత్తేస్తారు.

పొద్దున్న అయిదున్నరకల్లా ఆయన బల్ల ముందు ఉండేవాడు. రోజూ లేపి కాఫీ అందించినందుకు గుర్రాలు చూసుకునే ముసలి పనివాడికి ఏడాదికి 5 పౌండ్లు అదనంగా ఇచ్చేవాడు. రోజుకు మూడు గంటల పని. అందులో మొదటి అరగంట కొత్త వాక్యం ఒక్కటీ రాయడు, నిన్న రాసింది చెవికి ఎలా ఉందో చూసుకుంటూ చదువుతాడు. ఈ అరగంటను దయచేసి కోసేయకండి. ఆఫీసు గొడవల్లో తెగిపోయిన కథ గొంతు మళ్లీ దొరికేది ఇక్కడే. అది లేకుండా కూర్చుంటే మొదటి పావుగంట తెల్లకాగితం చూడడంతోనే గడిచిపోతుంది.

రెండోది డైరీ. నవల మొదలుపెట్టేటప్పుడే వారాలవారీగా గీతలు గీసుకుని, ఏ రోజు ఎన్ని పేజీలయ్యాయో రాసుకునేవాడు. పేజీ అంటే 250 మాటలు, లెక్కపెట్టి మరీ. సగటున వారానికి 40 పేజీలు. ఒక్కోసారి 20కి పడిపోయింది, ఒకసారి 112కు వెళ్లింది. లక్ష్యం వారానికి కాబట్టి ఒక రోజు పోయినా పని పోదు, కానీ ఆ ఖాళీ గడి కళ్లముందే ఉంటుంది.

తెలుగులో మాత్రం 250 పెట్టుకోవద్దు. ఇంగ్లీషులో మూడు నాలుగు మాటలయ్యేది మనకు ‘ఇంట్లోంచి’ అనే ఒక్క మాటలో అయిపోతుంది. పావుగంటకు 100తో మొదలుపెట్టి, నెల నిలబడ్డాక పెంచండి.

అన్నిటికన్నా ముఖ్యమైనది ఎవరూ చెప్పనిది. ఆయన బల్ల దగ్గర కూర్చుని కథ ఆలోచించేవాడు కాదు. ఆయన నవల ‘ది వార్డెన్’ ఊహ 1852 వేసవిలో ఇంగ్లండులోని సాల్స్‌బరీ కెథడ్రల్ (పెద్ద చర్చి) చుట్టూ తిరుగుతుండగా తట్టింది. మొదటి పేజీ రాసింది 1853 జూలైలో, పుస్తకం వచ్చింది 1855లో. పల్లెల్లో ఉత్తరాల బట్వాడా దారులు చూడడానికి గుర్రం మీద తిరిగే ఉద్యోగం ఆయనది, పాత్రలతో సహవాసానికి ఆ దారుల్లో వీలుండేది. మీకు బస్సు ప్రయాణం ఉంటే రేపటి సన్నివేశంలో ఎవరు ఎవరితో ఏమంటారో అక్కడే తేల్చుకోండి. అది తేలకుండా గడియారం పెట్టుకుంటే మాటలు పెరుగుతాయి, కథ కదలదు.

ఈ అలవాటు తల్లి ఫ్రాన్సెస్ నుంచి వచ్చింది. యాభై దాటాక రచన మొదలుపెట్టి, ఇంట్లో క్షయ రోగులకు సేవ చేస్తూ, తెల్లవారుజామున నాలుగింటికే రాసుకునేది ఆవిడ. ఆ తల్లిని తలుచుకోకుండా ట్రోలోప్‌ క్రమశిక్షణ గురించి మాట్లాడడం నాకు అన్యాయంగా అనిపిస్తుంది.

ఇక ఉద్యోగం సంగతి. 1834లో గుమాస్తాగా చేరాడు. మొదటి నవల 1847లో వచ్చింది. ‘ది వార్డెన్’ మీద వచ్చిన డబ్బు సుమారు 20 పౌండ్లే, తర్వాతి నవలల్లో ఒకటైన ‘డాక్టర్ థార్న్’కు వచ్చేసరికి 400 అయింది. అప్పటికీ రాజీనామా చేయలేదు. ముందే మానేస్తే పోయే పెన్షన్‌కు సమానమైన రాబడి ఇచ్చేంత సొమ్ము కూడబెట్టాక, 1867లో బయటికొచ్చాడు. మొదటి నవలకూ రాజీనామాకూ మధ్య ఇరవై ఏళ్లు.