స్టిల్ పాతదా, నకలా?

ప్రశ్న: 1940ల నాటి హాలీవుడ్ చిత్రం స్టిల్ ఒకటి నాకు దొరికింది. అది ఆనాడే ముద్రించినదని ఎలా తెలుసుకోవాలి?

జవాబు: ముందుగా ఫొటో వెనకవైపు చూడండి. స్టూడియోలు ప్రచారం కోసం పత్రికలకు పంపిన 8×10 అంగుళాల స్టిల్స్ వెనక చిత్రం, నటీనటుల వివరాలతో ఒక చీటీ అంటించి ఉండటం, దాని పక్కనే పత్రికా కార్యాలయం వేసిన తేదీ ముద్ర కనిపించడం మామూలే. కొందరు శుభ్రం చేస్తున్నామనుకుని ఈ చీటీని ఊడబెరుకుతారు. దయచేసి ఆ పని చేయకండి, ఫొటో చరిత్ర చాలావరకు అందులోనే ఉంటుంది. ముందువైపు అడుగున చిన్న అంకెలుంటే, అవి సాధారణంగా చిత్రానికి, స్టిల్‌కు స్టూడియో ఇచ్చిన సంఖ్యలు.

తర్వాత చీకటి గదిలో అతినీలలోహిత దీపం కింద ఉంచండి. కాగితం నీలి తెలుపు కాంతితో మెరిస్తే అది 1940లలో ముద్రించినది కాదనే అనుకోవాలి, ఎందుకంటే కాగితాన్ని తెల్లగా చూపే రసాయనాల వాడకం ఫొటో కాగితాల్లో 1950లలోనే వ్యాపించింది. మెరవనంత మాత్రాన పాతదని తేల్చకూడదు. ఏటవాలుగా పట్టుకున్నప్పుడు నల్లని భాగాల అంచుల్లో వెండి పొరలాంటి నిగనిగ కనిపిస్తే మాత్రం అది నాకు మరింత నమ్మకం కలిగించే గుర్తు.