డీఓ మీటర్ పంటను కాపాడింది సరే, చిప్ కంపెనీల షేర్లు కొనాలా?

ప్రశ్న: మాది పశ్చిమ గోదావరి జిల్లా ఉండి దగ్గర ఊరు. సొంతం మూడెకరాలు, లీజుకి ఎనిమిదెకరాలు, మొత్తం వనామీ రొయ్యల సాగు. కిందటేడు చెరువులో డీఓ మీటర్ (నీళ్లలో కరిగి ఉన్న ఆక్సిజన్‌ని కొలిచే పరికరం) పెట్టించాను. ఓ రాత్రి కరెంటు పోయి, నీళ్లకి ఆక్సిజన్ పట్టించే ఏరేటర్లు ఆగిపోతే ఫోన్‌కి అలారం వచ్చింది. పరుగున వెళ్లి జనరేటర్ వేసి పంట దక్కించుకున్నాం. ఇకముందు ప్రతి చెరువుకీ, ప్రతి ఇంటికీ ఇలాంటివే వస్తాయి కదా, వీటికి చిప్‌లు, సెన్సర్లు తయారుచేసే కంపెనీల్లో డబ్బు పెడదామనుకుంటున్నాను. బెంగళూరులో ఉన్న మా అన్నయ్య కొడుకు అమెరికా షేర్లు కొనమంటున్నాడు. టెలిగ్రామ్ గ్రూపులో మన దేశపు సెమీకండక్టర్ షేర్ ఒకటి చెబుతున్నారు. ఈ పంటలో ఖర్చులన్నీ పోను 14 లక్షలు మిగిలింది. బంగారం మీద 4 లక్షల లోన్ ఉంది. అమ్మాయి బీటెక్ రెండో ఏడు. నా వయసు 46. మొత్తం పెట్టేయొచ్చా? మా ఆవిడ పేరున కొంటే ట్యాక్స్ తగ్గుతుందా?

జవాబు: మొత్తం పెట్టొద్దండి. మీ పరిస్థితికి ఇప్పుడు ఈ రంగంలోకి వెళ్లదగ్గది ఒక్క లక్ష.

మీ ఆలోచనలో సగం సరైనదే. ఇలాంటి పరికరాల వాడకం పెరుగుతుంది, అందులో నాకూ అనుమానం లేదు. చిక్కల్లా మిగతా సగంతోనే. వస్తువు బాగా అమ్ముడుపోయినంత మాత్రాన దాని లోపలి చిప్ చేసినవాడికి లాభం మిగలాలని లేదు. మిగిలినా, ఆ సంగతి మార్కెట్‌కి మీకంటే ముందే తెలిసి షేర్ ధర పెరిగిపోయి ఉండొచ్చు.

మీ గట్టు మీది పెట్టె సంగతే చూద్దాం. ఇలాంటి వాటిలో సాధారణంగా ఒక కంట్రోలర్ చిప్, సిమ్ వేసే మోడెమ్, నీళ్లలోకి దిగే ప్రోబ్ ఉంటాయి. చాలామంది తయారీదారులు వాడే కంట్రోలర్ ఈఎస్‌పీ32. అది షాంఘైలోని ఎస్ప్రెస్సిఫ్ అనే కంపెనీది, మాడ్యూల్ ఖరీదు కొన్ని వందల రూపాయలే. మీరిచ్చిన వేలల్లో ఎక్కువ భాగం ప్రోబ్‌కీ, డీలర్‌కీ, నాచు పట్టినప్పుడల్లా వచ్చి కడిగి కాలిబ్రేషన్ చేసి వెళ్లే కుర్రాడి జీతానికీ పోతుంది. పోనీ ఆ చిప్ కంపెనీ షేరే కొందామన్నా అది షాంఘై మార్కెట్‌లో ఉంది. మనలాంటివాళ్లు ఇక్కడ కూర్చుని కొనడం తేలిక కాదు.

సెన్సర్లలో మరో తమాషా ఉంది. ఫోన్లలో, వాచీల్లో కదలికనూ గాలి పీడనాన్నీ కనిపెట్టే సెన్సర్లకు పేరున్న కంపెనీ బాష్ సెన్సర్‌టెక్. అది జర్మనీలోని బాష్ గ్రూపుది, స్టాక్ మార్కెట్‌లో లేదు. మన మార్కెట్‌లో కనిపించే బాష్ లిమిటెడ్ ప్రధాన వ్యాపారం వాహన విడిభాగాలు. సెన్సర్లనుకుని దాన్ని కొంటే మీరు కొన్నది వేరే వ్యాపారం అన్నమాట.

ఇక మార్కెట్‌లో దొరికేవి చూస్తే టెక్సాస్ ఇన్‌స్ట్రుమెంట్స్, అనలాగ్ డివైసెస్, ఎన్ఎక్స్‌పీ, ఇన్ఫినియన్, ఎస్‌టీమైక్రో, నార్వేలోని నార్డిక్, అమెరికాలోని సిలికాన్ ల్యాబ్స్. మీరు చెప్పే కనెక్టెడ్ పరికరాల చిప్‌ల మీదే పూర్తిగా ఆధారపడిన కంపెనీ కావాలంటే సిలికాన్ ల్యాబ్స్ మంచి ఉదాహరణ. దాని అమ్మకాలు 2022లో 102 కోట్ల డాలర్లు. 2023లో 78 కోట్లు. 2024కి వచ్చేసరికి 58 కోట్లు. ఆ రెండేళ్లలో జనం స్మార్ట్ మీటర్లు, స్మార్ట్ తాళాలు కొనడం మానేయలేదు. మరి ఏమైంది? కోవిడ్ టైమ్‌లో చిప్‌లు దొరక్క పరికరాలు చేసే కంపెనీలు భయపడి అవసరానికి మించి ఆర్డర్లు పెట్టాయి. తీరా సరుకు వచ్చాక గోడౌన్లు నిండిపోయి, అది కరిగేదాకా కొత్త ఆర్డర్లు ఆపేశాయి. రేటు బాగుందని అందరూ ఒకేసారి సీడ్ (రొయ్య పిల్లలు) వేస్తే పట్టుబడి నాటికి 40 కౌంట్ (కిలోకి 40 తూగే రొయ్య) రేటు ఏమవుతుందో మీకు తెలుసు కదా, అదే కథ. ఇంకా పెద్దదైన మైక్రోచిప్ కంపెనీకి కూడా 2025 మార్చితో ముగిసిన ఏడాదిలో అమ్మకాలు 42 శాతం పడిపోయాయి. అమెరికా చిప్ కంపెనీల ప్రధాన సూచీ 2022లో ఒక్క ఏడాదిలోనే మూడో వంతుకు పైగా పోగొట్టుకుంది. తర్వాత ఏఐ పుణ్యమా అని బ్రహ్మాండంగా లేచిందనుకోండి. కానీ ఆ మధ్యలో మీకు మేత డబ్బు కావాల్సి వస్తే పడిన రేటుకే అమ్ముకోవాలి.

ఏఐ మాట వచ్చింది కాబట్టి ఇదీ చెప్పాలి. మీ అన్నయ్యగారబ్బాయి మాట విని అమెరికా వైపు వెళ్లినా, అక్కడి చిప్ ఈటీఎఫ్‌లలో (షేర్లలాగే ఎక్స్ఛేంజీలో కొనే ఫండ్లు) పెద్ద వాటాలు ఎన్‌విడియా, టీఎస్ఎంసీ, బ్రాడ్‌కామ్ లాంటివాటివి. అవి నడిచేది డేటా సెంటర్ల ఆర్డర్ల మీద. చెరువు గట్టు మీది పెట్టెల్లో పడే చిప్‌ల వాటా వాటిలో తక్కువ. కొనడం తప్పని నేననను, కానీ మీరు కొనేది డీఓ మీటర్ భవిష్యత్తు కాదు, ఏఐ ఖర్చు ఇలాగే సాగుతుందన్న పందెం.

మన దేశం సంగతి. గుజరాత్‌లోని ధోలేరాలో 91 వేల కోట్లతో చిప్ ఫ్యాక్టరీ కడుతున్న టాటా ఎలక్ట్రానిక్స్ లిస్టెడ్ కంపెనీ కాదు. అదే రాష్ట్రంలోని సనంద్‌లో ప్లాంటు పెట్టిన మైక్రాన్ అమెరికా మార్కెట్‌లో ఉంది. అక్కడే ప్లాంటు పెడుతున్న సీజీ పవర్‌కి ఇప్పటికీ ఆదాయం ప్రధానంగా మోటార్లు, ట్రాన్స్‌ఫార్మర్ల నుంచే. ఇక టెలిగ్రామ్ గ్రూపు వైపు వెళ్లనే వెళ్లొద్దు. పేరులో సెమీకండక్టర్ అని పెట్టుకున్న ఓ చిన్న కంపెనీ షేర్ రెండేళ్లు తిరక్కుండానే వేల శాతం పెరిగింది. చివరికి 2025లో ఆ కంపెనీయే, మేమింకా చిప్‌ల తయారీ మొదలుపెట్టలేదు అని ఎక్స్ఛేంజీకి చెప్పుకోవాల్సి వచ్చింది. గ్రూపులో టిప్ ఇచ్చేవాడు ముందే కొని కూర్చుని ఉంటాడు, మీరు కొంటేనే కదా అతను అమ్ముకోగలిగేది.

ఇప్పుడు మీ 14 లక్షలు. ముందు 4 లక్షలు కట్టి బంగారం విడిపించండి. లోన్ మీద తొమ్మిది పది శాతం వడ్డీ ఆగడమంటే ఏ టెన్షనూ లేని రాబడి, ఆ గ్యారంటీ ఏ షేరూ ఇవ్వదు. 6 లక్షలు వచ్చే పంటకి. సీడ్, మేత, డీజిల్‌తో పాటు వైట్ స్పాట్ తెగులు వచ్చి మధ్యలో చెరువు ఖాళీ చేయాల్సి వస్తే లీజు కట్టడానికి కూడా అదే. బ్యాంకు ఎఫ్‌డీలో, రెండు మూడు ముక్కలుగా వేయండి. చేతిలో ఈ డబ్బుంటే మేత అప్పు మీద తెచ్చుకునే పని తగ్గుతుంది. అప్పు మేతకీ నగదు మేతకీ రేటులో తేడా మీకు నేను చెప్పక్కర్లేదు. అమ్మాయి ఫీజులకి 2 లక్షలు పక్కన పెట్టండి. మిగిలేది 2 లక్షలు. అందులో ఒకటి మార్కెట్ సూచీని అనుసరించే మామూలు ఇండెక్స్ ఫండ్‌లో, ఒకటి మీ చిప్‌ల సరదాకి.

ఇంత జాగ్రత్త ఎందుకంటే మీ సంపాదన ఇప్పటికే ఒకే గంపలో ఉంది. 2025 ఆగస్టులో అమెరికా మన సరుకు మీద సుంకం 50 శాతానికి పెంచినప్పుడు ఇక్కడ కౌంట్ రేట్లు ఎలా ఊగాయో చూశారు. పంట రేటూ అమెరికా వాడి చేతిలో, పొదుపూ అమెరికా వాడి చేతిలో పెడితే ఎలా?

ఆ లక్షకి నేరుగా అమెరికాలో ఖాతా తెరవడం దండగ. డబ్బు పంపే చార్జీలు, డాలర్ మార్పిడిలో కోత, డివిడెండ్ మీద అక్కడే 25 శాతం పన్ను ఉంటాయి. ఒక్క షేరున్నా రిటర్న్‌లో విదేశీ ఆస్తుల షెడ్యూల్ నింపాలి, సులువుగా ఉండే ఐటీఆర్-4 ఫారం వేయడానికి వీలుండదు. అబ్బాయి మాట విని 14 లక్షలూ పంపి ఉంటే, 10 లక్షలు దాటిన 4 లక్షల మీద 20 శాతం, అంటే 80 వేలు టీసీఎస్ (ముందుగానే వసూలు చేసే పన్ను) కింద బ్యాంకు పట్టుకునేది. రిటర్న్‌లో సర్దుబాటవుతుందనుకోండి, అప్పటిదాకా మాత్రం చేతికి రాదు. దానికన్నా ఇక్కడి మ్యూచువల్ ఫండ్లలో నాస్‌డాక్ 100 సూచీని అనుసరించేది తీసుకోండి. టెక్సాస్ ఇన్‌స్ట్రుమెంట్స్, అనలాగ్ డివైసెస్, ఎన్ఎక్స్‌పీ, మైక్రోచిప్ అన్నీ ఆ సూచీలో ఉన్నాయి, ఎన్‌విడియాతో పాటు. రెండేళ్లు దాటి అమ్మితే లాభం మీద పన్ను 12.5 శాతం. విదేశీ పెట్టుబడుల పరిమితి వల్ల ఈ ఫండ్లు అప్పుడప్పుడూ కొత్త డబ్బు తీసుకోవడం ఆపేస్తాయి. అలాంటప్పుడు తొందరపడి ఎక్స్ఛేంజీలో ఈటీఎఫ్ కొనకండి, అసలు విలువ కంటే చాలా ఎక్కువ రేటు పలుకుతుంది. నెలకి పదివేల చొప్పున పది నెలలు వేయండి.

మీ ఆవిడ పేరున కొంటే ట్యాక్స్ తగ్గదు. మీరిచ్చిన డబ్బుతో ఆవిడ పేరున పెట్టిన పెట్టుబడి మీద వచ్చే లాభాన్ని చట్టం మీ ఆదాయంలోనే కలుపుతుంది. ఆవిడ పేరు నామినీగా పెట్టండి చాలు. దానికన్నా ముఖ్యంగా, రొయ్యల సాగు ఆదాయం పన్ను చట్టం దృష్టిలో వ్యవసాయ ఆదాయం కాదు. ఈ 14 లక్షలు ట్యాక్స్ కట్టాక మిగిలినవా, కట్టకముందువా అన్నది మీ ఉత్తరంలో లేదు. కట్టకపోతే పై లెక్కలన్నిటికంటే ముందు భీమవరంలో మీ ఆడిటర్‌ని కలిసి ఆ వాటా ఎంతో తేల్చుకోండి. దానికి కావాల్సిన డబ్బు చివర మిగిలిన ఆ 2 లక్షల్లోంచే తీయండి, చిప్‌ల లక్ష వచ్చే పంటకి వాయిదా వేయొచ్చు.