ఫలక్‌నుమాలో రాత్రి ఎవరికి, టీ ఎవరికి?

ప్రశ్న: మేం బెంగళూరు మారతహళ్లిలో ఉంటాం. అమ్మానాన్నలది ఆదోని. వచ్చే మే నెలలో వాళ్ల పెళ్లయి 40 ఏళ్లు నిండుతాయి. హైదరాబాద్‌లోని తాజ్ ఫలక్‌నుమా ప్యాలెస్‌లో రెండు రాత్రులు ఉంచాలని నా కోరిక. అమ్మానాన్నలు, మేమిద్దరం, పిల్లలిద్దరు, మొత్తం ఆరుగురం. అమ్మాయికి 14, అబ్బాయికి 9 ఏళ్లు. ఇద్దరి జీతాలూ కలిపి నెలకు 1.9 లక్షలు చేతికొస్తాయి. ఇంటి లోను ఈఎంఐ 62,000, ఇంటి ఖర్చు 60,000 దాకా. అత్యవసరానికని 4 లక్షలు ఎఫ్‌డీలో ఉన్నాయి. ఈ ప్రయాణానికి విడిగా 1.5 లక్షలు దాచాను. చాలకపోతే 2 లక్షలు క్రెడిట్ కార్డు మీద పెట్టి 12 నెలల ఈఎంఐ చేసుకుందామంటున్నారు మావారు. గదులకు రకరకాల పేర్లు, స్పా, గుర్రబ్బండి, టెర్రస్ మీద డిన్నర్... ఏది తీసుకోవాలో, ఏది వదిలేయాలో తెలియడం లేదు. అసలు ఇంత ఖర్చు పెట్టడమే తప్పా?

జవాబు: తప్పేమీ కాదు. డబ్బు ముందే దాచిపెట్టి అడుగుతున్నారు, నాకొచ్చే ఉత్తరాల్లో అది అరుదు. తేడా వస్తున్నది మీవారి ఈఎంఐ దగ్గర, మీ ‘రెండు రాత్రులు, ఆరుగురం’ దగ్గర.

ముందు ఆ ఇంటి కథ ఒక ముక్క చెప్పుకుందాం, మన లెక్కకి పనికొస్తుంది. ఫలక్‌నుమాను కట్టించింది నిజాం కాదు. ‘పైగా’ అనే ప్రభువుల వంశానికి చెందిన వికార్ ఉల్ ఉమ్రా 1884లో పునాది వేశాడు. కట్టడానికి దాదాపు తొమ్మిదేళ్లు పట్టింది. ఇటలీ పాలరాయి, చెక్క చెక్కడాలు, 101 మంది ఒకేసారి కూర్చునే భోజనాల బల్ల, ఎక్కడా తగ్గలేదు. ఆ ఖర్చుకి కట్టించినాయనే అప్పులపాలయ్యాడని చెబుతారు. చివరికి అది ఆరో నిజాం మహబూబ్ అలీ ఖాన్ చేతికి వెళ్లింది. అంత పెద్ద ఎస్టేటు ఉన్నవాడికే బరువైన ఇంట్లో రెండు రాత్రుల కోసం మనం ఏడాదిపాటు ఈఎంఐ కట్టడం ఎందుకు?

ఇప్పుడు మీ కోరికను ఉన్నదున్నట్టు లెక్క వేద్దాం. గది అద్దె తేదీని బట్టి మారుతుంది కాబట్టి, లెక్క కోసం రాత్రికి 40,000 అనుకోండి. రెండు గదులు, రెండు రాత్రులు: 1,60,000. రోజు అద్దె 7,500 దాటిన గదికి జీఎస్‌టీ 18 శాతం, అంటే ఇంకో 28,800. చాలామంది ఇక్కడితో ఆగిపోతారు. ఇలాంటి హోటల్లో రెస్టారెంట్ బిల్లుకీ 18 శాతమే. బయట మామూలు రెస్టారెంట్లో వేసే 5 శాతం అలవాటుతో చూస్తే బిల్లు ఉలిక్కిపడేలా ఉంటుంది. డిన్నర్ మనిషికి 5,000 అనుకుంటే ఆరుగురికి పన్నుతో 35,400, రెండు రాత్రులకి 70,800. హై టీ (సాయంత్రం ఫలహారాలతో కలిపి పెట్టే టీ) మనిషికి 3,500 వేసుకుంటే ఆరుగురికి 24,780. రైలు చార్జీలు రానూపోనూ 16,200 అనుకుందాం. మొత్తం మూడు లక్షలు దాటింది. స్పా, మధ్యాహ్న భోజనాలు, టిప్పులు ఇందులో లేవు.

మీవారి ఈఎంఐ సంగతి. కార్డు ఈఎంఐకి ఏడాదికి 15 శాతం వడ్డీ పడుతుందనుకుంటే 2 లక్షల మీద 12 నెలల్లో వడ్డీ దాదాపు 16,600. ఆ వడ్డీ మీద మళ్లీ 18 శాతం జీఎస్‌టీ, ఇంకో మూడు వేలు. ప్రాసెసింగ్ ఫీజు సరేసరి. ‘నో కాస్ట్ ఈఎంఐ’ అన్నా వడ్డీ మీద జీఎస్‌టీ మాత్రం మనకే పడుతుంది. ఒకేసారి కట్టేవాళ్లకిచ్చే డిస్కౌంటూ చాలాసార్లు పోతుంది. ఆ దాదాపు ఇరవై వేలు చేతిలో ఉంటే, పైన చెప్పిన హై టీ ఆరుగురిలో నలుగురికి వచ్చేస్తుంది. పైగా నెలకు 1.22 లక్షలు ఖర్చయ్యే ఇంట్లో అత్యవసరానికి 4 లక్షలంటే మూడు నెలలకి కాస్త ఎక్కువ, అంతే. దాన్ని ఆరు నెలల ఖర్చుకి, అంటే 7 లక్షల పైకి చేర్చాల్సిన ఏడాదిలో కొత్త ఈఎంఐ నెత్తిన పెట్టుకోవద్దు. ఆ ఎఫ్‌డీని ఈ ప్రయాణం కోసం కదపనూ వద్దు.

ఇక గదులు. ప్యాలెస్ హోటల్లో మనం డబ్బిచ్చేది గదికి కాదు, ప్యాలెస్‌కి. గవర్నర్ జనరళ్ల పటాలు వరసగా వేలాడే ఆ పాలరాతి మెట్లు, విండ్సర్ కోటలోని గ్రంథాలయాన్ని చూసి చేయించిన లైబ్రరీ, కొండ మీద నుంచి దీపాలు వెలిగాక కనిపించే పాతబస్తీ, ఇవన్నీ అన్నిటికన్నా చవక గదిలో దిగినవాళ్లకీ, పెద్ద సూట్‌లో దిగినవాళ్లకీ ఒకటే. అక్కడ బస చేసేవాళ్లకి సాయంత్రం గైడ్ ప్యాలెస్ అంతా తిప్పి చూపిస్తారు, సూట్‌లో వాళ్లకి వేరే ప్యాలెస్ ఏమీ చూపించరు. కాబట్టి మొదటి మెట్టు గది చాలు. పైమెట్టుకి వెళ్తే ముఖ్యంగా వైశాల్యం, కిటికీలోంచి కనబడేది మారతాయి. సూట్ తీసుకుని పగలంతా లోపలే కూర్చునేవాళ్లకి ఆ డబ్బు గిట్టుబాటవుతుందేమో, మీ అమ్మానాన్నలు లోపల కూర్చోవడానికి రావడం లేదు కదా. గది పేరు కన్నా ఫోన్ చేసి అడగాల్సినవి వేరే ఉన్నాయి: గది నుంచి భోజనాల చోటుకి ఎన్ని మెట్లు ఎక్కాలి, స్నానాల గదిలో టబ్ దాటుకుని వెళ్లాలా, విడిగా షవర్ ఉందా. అరవై దాటిన మోకాళ్లకి టబ్ కన్నా పెద్ద శత్రువు లేదు.

మరి ఎవరెవరు అక్కడ పడుకోవాలి? నా సలహా మీకు మొదట నచ్చకపోవచ్చు. ఒకే ఒక్క గది, ఒకే రాత్రి, మీ అమ్మానాన్నలకి మాత్రమే. ఈ నలభై ఏళ్లలో పిల్లలు, చుట్టాలు, సామాన్ల సంచులు లేకుండా వాళ్లిద్దరే ఒక మంచి గదిలో ఉన్న రాత్రులు ఎన్నో మీరే లెక్కపెట్టండి. అయితే ఒక చిక్కుంది. ఇలాంటి చోట ఫోన్ ఎత్తి ‘కాస్త వేణ్ణీళ్లు పంపించండి’ అని అడగడానికి మన పెద్దవాళ్లు మొహమాటపడతారు. రాత్రంతా దప్పికతోనైనా పడుకుంటారు కానీ ఎవరినీ పిలవరు. అందుకని మీ అమ్మాయిని వాళ్ల గదిలో అదనపు మంచం వేయించి ఉంచండి. పద్నాలుగేళ్ల పిల్లకి మొహమాటం ఉండదు, ప్యాలెస్‌లో పడుకున్నానని స్కూల్లో చెప్పుకోవడానికీ ఉంటుంది. అబ్బాయి అలుగుతాడు, నిజమే. వాడికి గుర్రబ్బండి దక్కేలా చూడండి. దిగడానికి వచ్చేవాళ్లని గేటు దగ్గర్నుంచి బగ్గీలో తీసుకెళ్తారు. వాడూ తాతయ్య పక్కన కూర్చోవచ్చా అని ముందే అడిగి ఖాయం చేసుకోండి.

మీరు, మీవారు, అబ్బాయి హై టీకి రండి. ముందుగా రిజర్వేషన్ ఉంటే బయటివాళ్లూ రావచ్చు. నాకైతే ఆ ఇంట్లో పెట్టే ప్రతి రూపాయికీ ఎక్కువ దక్కేది ఈ టీలోనే అనిపిస్తుంది. ఎండ తగ్గే వేళ, అందరూ మెలకువగా, ఫొటోల్లోకి వెలుతురు ఉండగా కూర్చునే గంటన్నర. బుక్ చేసేటప్పుడే, టీకి వచ్చేవాళ్లకి ప్యాలెస్ లోపల ఏయే భాగాలు చూడనిస్తారో కనుక్కోండి. టీ కడుపునిండా అయ్యాక ఆరుగురూ మళ్లీ డిన్నర్ తినలేరు. రాత్రి భోజనం గదిలో ఉన్న ముగ్గురికే. అక్కడి అదా రెస్టారెంట్లో హైదరాబాదీ వంటలు దొరుకుతాయి. మీరు ముగ్గురూ బయటికొచ్చి ఎక్కడైనా బిర్యానీ తినండి.

టెర్రస్ మీద కొవ్వొత్తుల డిన్నర్ వద్దు. ఆ ఏర్పాట్ల మధ్య కూర్చోబెడితే మీ అమ్మానాన్నలు మాట్లాడుకునేది బిల్లు గురించే. స్పా కూడా వద్దు, ఆ మసాజ్ బెంగళూరులో ఏ వారాంతమైనా దొరుకుతుంది. ఈత కొలను కోసం రెండో రాత్రి ఉంచుకోవడం అన్నిటికన్నా దండగ, మీ అపార్ట్‌మెంట్లలోనూ కొలనులుంటాయి. పైగా మే నెల ఎండ. మధ్యాహ్నమంతా ఎవరూ బయట అడుగుపెట్టలేరు. ఆ ఎండవల్లే పెళ్లిళ్ల సీజన్‌లో కన్నా రేటు తగ్గే అవకాశమూ ఉంది. నవంబర్, డిసెంబర్ నెలల్లో ఇలాంటి ప్యాలెస్‌లు పెద్దింటి పెళ్లిళ్లతో నిండిపోతాయి.

ప్రయాణం ఇలా అమర్చుకోవచ్చు. యశ్వంత్‌పూర్ నుంచి కాచిగూడకి వందేభారత్ మధ్యాహ్నం బయలుదేరి రాత్రి పొద్దుపోయాక చేరుతుంది. ఆ రాత్రి ప్యాలెస్‌లో దిగితే వేల రూపాయలు నిద్రకే పోసినట్టు. స్టేషన్ దగ్గర 4,000 లోపు హోటల్లో రెండు గదులు చాలు, 7,500 లోపు గది కాబట్టి జీఎస్‌టీ 5 శాతమే. మర్నాడు పొద్దున్నే చౌమహల్లా ప్యాలెస్ చూసి మధ్యాహ్నానికి ఫలక్‌నుమా చేరండి. చౌమహల్లాకి, సాలార్‌జంగ్ మ్యూజియంకి శుక్రవారం సెలవు, ఆ రోజు పడకుండా చూసుకోండి. మూడో రోజు బ్రేక్‌ఫాస్ట్ తిని, గది ఖాళీ చేసి, సాయంత్రం కాచిగూడ నుంచి రాత్రి రైలెక్కితే తెల్లారేసరికి బెంగళూరు.

దీనికి లెక్క: గది పన్నుతో 47,200, అదనపు మంచం 5,000 అనుకుంటే పన్నుతో 5,900, ఆరుగురి టీ 24,780, ముగ్గురి డిన్నర్ 17,700. మామూలు హోటల్లో మొదటి రాత్రి రెండు గదులు, రెండో రాత్రి మీకొక గది, పన్నుతో 12,600. రైలు 16,200. అన్నీ కలిపి 1,24,380. మీ లక్షన్నరలో ఇంకా 25,000 పైచిలుకు మిగిలింది. ఆటోలు, టికెట్లు పోగా అమ్మకో పట్టుచీర, నాన్నగారికో పంచెల చాపు వస్తాయి.

బుకింగ్‌లో జాగ్రత్తలు కొన్ని. ‘డబ్బు వాపసు రాదు’ అనే చవక రేటు తీసుకోకండి. ఆ వయసువాళ్లకి ముందురోజు జ్వరం తగిలినా మొత్తం పోతుంది. రద్దు చేసుకోగలిగే రేటుకి కాస్త ఎక్కువైనా ఇవ్వండి. బ్రేక్‌ఫాస్ట్ కలిపిన రేటు, కలపని రేటు పక్కపక్కన పెట్టి చూడండి. దిగేటప్పుడు హోటల్ వాళ్లు కార్డు మీద కొంత మొత్తం బ్లాక్ చేయడం మామూలే. డెబిట్ కార్డు ఇస్తే ఆ డబ్బు ఖాతాలో రోజుల తరబడి ఇరుక్కుపోవచ్చు. అక్కడ క్రెడిట్ కార్డే వాడండి, బిల్లు రాగానే పూర్తిగా కట్టేయండి. బిల్లులో సర్వీస్ చార్జి అని కనిపిస్తే తీసేయమని అడగవచ్చు. దాన్ని తప్పనిసరిగా వేయకూడదన్న కేంద్ర వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థ 2022 నాటి మార్గదర్శకాలను ఢిల్లీ హైకోర్టు 2025 మార్చిలో సమర్థించింది. ఆఫీసు ఇచ్చే ప్రయాణ భత్యం (ఎల్‌టీఏ) మీద పన్ను మినహాయింపు గుర్తొచ్చిందేమో, అది పాత పన్ను విధానంలో ఉన్నవాళ్లకే, అదీ ప్రయాణ చార్జీలకే. హోటల్ బిల్లుకి వర్తించదు.

ఇంకొక్కటి. గది ఖాళీ చేసే పూట కౌంటర్ దగ్గర మీ నాన్నగారు ‘బిల్లు ఎంతయింది’ అని తప్పకుండా అడుగుతారు, మీరు చెప్పేదాకా కదలరు. టీకి వచ్చిన సాయంత్రమే రిసెప్షన్‌లో మాట్లాడి, అప్పటిదాకా అయినది మీ కార్డు మీద కట్టేసి, మిగతాది కూడా మీ పేరునే రాయించండి. బిల్లు ఈమెయిల్‌కి పంపమనండి. పొద్దున తాతయ్య కౌంటర్ వైపు వెళ్లబోతే, ఆయన్ని కారు దాకా నడిపించే పని మీ అమ్మాయికి అప్పగించండి.